పెదవుల మీది మాట

గంగాధరరావు గొంతు నేను విన్నదంతా కలిపినా ఒక సినిమా అంత సేపు ఉండదు. జగిత్యాల డిపోలో బస్ కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన ఊళ్ళ పేర్లు పిలుస్తుంటే బస్టాండ్ బయట చాయ్ బండి దాకా వినపడేదట. మా వార్డుకు వచ్చేనాటికి ఆ గొంతు లేదు.

హాంబర్గ్‌లో నవంబరు నెల. పొద్దున ఎనిమిదికి గానీ తెల్లారదు, నాలుగు దాటగానే పొద్దు గుంకుతుంది. ఆ మధ్య ఉన్న కాస్త వెలుతురులో వాన. నేను పనిచేసేది వెంటిలేటర్‌కు అలవాటుపడిన మనుషులను దాని నుంచి మెల్లమెల్లగా మాన్పించే వార్డు. ఐసీయూ వాళ్ళు ప్రాణం నిలబెట్టి మా దగ్గరికి పంపుతారు. ఆ తర్వాత పనిలో ఎక్కువ భాగం నర్సులదే. కఫం లాగాలి, నోరు తడపాలి, తలవైపు ఎత్తుగా ఉంచాలి, పుండ్లు పడకుండా పక్కలు మార్చాలి. రోజూ కాసేపు మిషన్ సాయం తగ్గించి, ఆ మనిషి బెదిరిపోకుండా పక్కనే కూర్చోవాలి.

ఆయన సెప్టెంబరులో కూతురు శ్రావ్య కాన్పుకు వచ్చాడు. భార్య లక్ష్మీదేవి చాలా ఏళ్ళ కిందే పోయింది. తల్లి చేయాల్సిన పని తండ్రే చేద్దామని వచ్చాడు. మనవరాలు అక్షయను నెల రోజులు ఎత్తుకుని తిరిగాడో లేదో, ఫ్లూ పట్టుకుంది. అది న్యుమోనియాగా మారింది. ఏళ్ళ తరబడి రోడ్డు దుమ్మూ బీడీ పొగా తిన్న ఊపిరితిత్తులు, తట్టుకోలేకపోయాయి.

"రాజ్యశ్రీ, నీ భాష మనిషి వచ్చాడు. ఏదో చెప్తున్నాడు, మాకు అందడం లేదు," అంది బిర్గిట్. మా వార్డులో అందరికన్నా పాత నర్సు ఆమె.

వెళ్ళి చూశాను. గొంతు కింద చిన్న రంధ్రం చేసి పెట్టిన గొట్టం, దాని నుంచి మిషన్‌కు ముడతల పైపు. ఆ గొట్టం చుట్టూ లోపల ఒక బుడగ ఉబ్బి ఉంటుంది. గాలి దాని పైకి రాదు కాబట్టి మాట పుట్టదు. పెదవులు మాత్రం కదులుతాయి.

"కాకా, నా పేరు రాజ్యశ్రీ. మాది ధర్మపురి. నీకు దగ్గరోళ్ళమే," అన్నాను.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి ఎత్తబోయాడు. వారాల తరబడి మత్తులో ఉన్న మనిషి చెయ్యి అది, పరుపు మీద నుంచి వేలు కూడా లేవలేదు. పెదవులు కదిలాయి. బిడ్డా అన్నాడని తెలిసింది. తర్వాత ఇంకేదో అన్నాడు. అది నాకు తెలియలేదు. చూపు నా మీద నుంచి జారి, కిటికీ పక్క మూలకు పోయింది. అక్కడ ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు.

అయినా తిరిగి చూశాను.

---

డిసెంబరు మొదట్లో ఆ మాట మొదలైంది. ముందు పెదవులు రెండూ కలుస్తాయి, తెరుచుకుంటాయి, నాలుక కొస పళ్ళ వెనక తగులుతుంది. అంతే. ఒళ్ళు తుడుస్తున్నా అదే, పక్క మారుస్తున్నా అదే. కఫం లాగడానికి సన్న గొట్టం లోపలికి వెళ్ళినప్పుడు ఆయన శరీరమంతా విల్లులా వంగేది. అది అయిపోగానే, చెమట కారుతున్న ముఖంతో మళ్ళీ అదే మాట.

శ్రావ్య రోజూ మధ్యాహ్నం వచ్చేది. భర్త భార్గవ్ పసిపిల్లతో కింద లాబీలో ఉండేవాడు, పిల్లను పైకి తేనివ్వరు కాబట్టి. శ్రావ్య చలికి ఎర్రబడ్డ చేతులను రుద్దుకుని వెచ్చ చేసుకున్నాకే తండ్రి చెయ్యి పట్టుకునేది. పాల టైమ్ అయి రవిక తడిసినా లేచేది కాదు.

"బాపు ఏమంటున్నడక్కా?"

"చూస్తున్న శ్రావ్యా. జర ఆగు."

"నాకైతే బంద్ అన్నట్టే కొడ్తుంది." ఆమె గొంతు తగ్గించింది. "మిషన్ బంద్ జెయ్యుమంటున్నడా?"

నాకూ అట్లాగే అనిపిస్తోంది. రెండు రోజులుగా అనిపిస్తోంది గానీ నోట రాలేదు.

"కాకా, మిషన్ బంద్ చెయ్యాల్నా? అవునైతే కండ్లు మూయి," అన్నాను.

కళ్ళు మూశాడు.

"మిషన్ ఉండాల్నా?"

దానికీ మూశాడు. కళ్ళు తెరిచి కిటికీ మూలకు చూస్తూ మళ్ళీ ఆ మాటే అన్నాడు. ఈసారి నాతో కాదు, శ్రావ్యతోనూ కాదు.

"ఆడ ఎవరున్నరు బాపూ? అమ్మనా?" అని అడిగింది శ్రావ్య. అడిగి, తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మత్తు మందుల నుంచి తేరుకుంటున్నవాళ్ళకు లేనివి కనపడతాయని, అది కొన్ని రోజులకు తగ్గిపోతుందని చెప్పాను. ఎంతోమంది ఇళ్ళవాళ్ళకు చెప్పిన మాటే. చెప్తూ ఆ మూలకు వీపు పెట్టకుండా నిలబడ్డానని తర్వాత గుర్తొచ్చింది.

మా పెద్ద డాక్టర్ యెన్సెన్ నెమ్మదైన మనిషి. రోగి ఇష్టం ఏమిటన్నది ఇక్కడ చాలా పెద్ద విషయం. వద్దంటే వద్దే. ఆయన నన్ను కారిడార్‌లోకి పిలిచి, "నువ్వు చదివింది ఆ మాటేనా?" అని అడిగాడు.

"అట్లాగే కనిపిస్తోంది," అన్నాను.

"మందులకు కూడా సరిగ్గా స్పందించడం లేదు. మిషన్ సంగతి తేల్చడానికి శుక్రవారం అందరం కూర్చుందాం. కూతురు కూడా ఉండాలి, నువ్వు కూడా."

---

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం తింటుంటే నా భర్త శశికాంత్ ఏదో చెప్తూ చెప్తూ ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"నువ్వు నన్ను చూస్తలేవు రాజీ. నా నోరు చూస్తున్నవ్. వారం నుంచి గిట్లనే చేస్తున్నవ్."

నిజమే. ఎస్-బాన్ రైల్లో ఎదుటి సీటు వాళ్ళ నోళ్ళు, అద్దాల వెనక ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్ళ నోళ్ళు, అన్నీ చూస్తున్నాను. మా ఈషాకు ఆరేళ్ళు. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల. ఏమనుకుందో, కుర్చీ మీద మోకాళ్ళేసి నిలబడి, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

"పాప," అన్నాను.

"నైన్!" అంది కాదన్నట్టు, నవ్వుతూ.

"బాబు?"

"నైన్, నైన్! మామ!"

శశి కూడా నవ్వాడు. "మళ్ళ చెప్పు," అన్నాను. చెప్పింది. పాపకూ మామకూ తేడా లేదు. పెదవులు కలిసి విడిపోతాయి, కలిసి విడిపోతాయి. ప అయినా, బ అయినా, మ అయినా పెదవులకు ఒకటే. తేడా అంతా ముక్కులో, గొంతులో ఉంటుంది. గొంతే లేనివాడి నోట్లో ఆ మూడూ ఒక్కటే అక్షరం.

అన్నం ముందు నుంచి లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. అద్దంలో చూసుకుంటూ, ఊపిరి వదలకుండా, బంద్ అన్నాను. మందు అన్నాను. మంట అన్నాను. పళ్ళూ నాలుకా అక్కడక్కడే తిరిగాయి. నీరసంగా, ఎండిన పెదవులతో, సగం సగం అంటే ఏది ఏదో నాకే తెలియలేదు. మందు కావాలంటున్నాడా? ఎక్కడైనా మండుతోందా? చంపమంటున్నాడా, ఇంకొంచెం బతికించమంటున్నాడా?

బయటికి వచ్చేసరికి ఈషా పడుకుంది. శశి గిన్నెలు కడుగుతున్నాడు. అప్పుడు చెప్పాను ఆయనకు, నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పనిది. కరోనా రెండో వేవ్‌లో మా అన్న సృజన్ కరీంనగర్ దవాఖానలో ఉన్నప్పుడు, అక్కడి సిస్టర్ ఎవరో ఫోన్ పట్టుకుంటే వీడియోలో చూశాను. ఎడమ కనుబొమ్మ మీది గాటు కనపడుతోంది, మాస్కు లోపల అన్న పెదవులు కదిలాయి. ఏదో అన్నాడు, మళ్ళీ అన్నాడు, నాకు అర్థం కాలేదని తెలిసి మూడోసారి మెల్లగా అన్నాడు. మిషన్ల హోరులో ఒక్క ముక్క వినపడలేదు. ఆ రోజే పోయాడు.

"నర్సును కదా శశీ. నాక్కూడా సమజ్ గాలే."

శశి చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు.

---

పొద్దున్నే డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా డాక్టర్ యెన్సెన్ గదికి వెళ్ళాను.

"నేను చెప్పింది తప్పు కావొచ్చు. ఆ మాట మూడు నాలుగు మాటల్లో ఏదైనా కావొచ్చు. పెదవులు చూసి ఇక నేను చెప్పలేను. ఆయన నోటి నుంచి వినాలి."

స్పీకింగ్ వాల్వ్ అని ఒక చిన్న మూత ఉంటుంది. బుడగలో గాలి తీసేసి, గొట్టం మూతికి దాన్ని పెడితే, లోపలికి పీల్చిన గాలి బయటికి గొంతు మీదుగా పోతుంది. మాట వస్తుంది. కానీ గంగాధరరావు లాంటి ఊపిరితిత్తులకు అది కొండ ఎక్కినంత పని.

డాక్టర్ కిటికీలోంచి వానను చూస్తూ ఆలోచించాడు. "కాసేపే. ఆక్సిజన్ పడిపోతే వెంటనే ఆపేస్తాను."

మధ్యాహ్నం శ్రావ్య వచ్చాకే పెట్టాం. గొంతు దగ్గర బిర్గిట్ ఉంది. నేను ముందుగా కఫమంతా లాగేసి, నోరు తుడిచి, ఆయన చెవి దగ్గర చెప్పాను: "కాకా, ఇప్పుడు నీకు గొంతొస్తది. మొదలు దగ్గొస్తది, భయపడకు. గాలి మెల్లగ బయటికి ఇడువు. నేనీడనే ఉన్న."

బుడగ తగ్గించగానే పెద్ద దగ్గు వచ్చింది. ముఖం నల్లబడింది. బిర్గిట్ నా వైపు చూసింది, నేను తల అడ్డంగా ఊపాను, ఆగమని. దగ్గు తెరిపిచ్చింది. ఒక శ్వాస, ఇంకో శ్వాస. తర్వాత వాన నీళ్ళ గొట్టంలోంచి వచ్చినట్టు, తడిగా, బరువుగా ఒక చప్పుడు వచ్చింది. అది మాటయింది.

"మంది."

శ్రావ్య లేచి నిలబడింది.

"మంది... శాన మంది ఉన్నరు బిడ్డా. తోవ లేదు."

ఆయన చూపు కిటికీ మూల నుంచి గోడ పొడవునా తలుపు దాకా పాకింది. తలుపుకు అడ్డంగా నిలబడింది డాక్టర్ యెన్సెన్ ఒక్కడే.

"ఎవరు కాకా?"

"తెల్వదు. తడిసిపోయి ఉన్నరు. ఎవ్వలు మాట్లాడ్తలేరు."

"మిషన్ బంద్ చెయ్యుమంటున్నవా బాపూ?" అంది శ్రావ్య, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన అప్పుడే ఆమెను చూసినట్టు చూశాడు. "ఎందుకు?" అన్నాడు. "పోరి ఏది? పాలు తాగిందా?"

ఆక్సిజన్ అంకె దిగడం మొదలుపెట్టింది. మూత తీసేశాం. ఆయన అన్నదంతా డాక్టర్‌కు అనువదించి చెప్పాను. శుక్రవారం మీటింగ్ జరగలేదు.

---

ఆ తర్వాత ఆయన మెల్లగా తేరుకున్నాడు. క్రిస్మస్ దాటేసరికి మూలలకు చూడటం మానేశాడు. రోజుకు కొద్దిసేపు మాట్లాడేవాడు. శ్రావ్య ఫోన్‌లో అక్షయను చూపిస్తే, "దీని ముక్కు లక్ష్మిదే," అనేవాడు. బిర్గిట్‌కు రైట్ రైట్ అనడం నేర్పాడు. పక్క మార్చడం అయిపోగానే ఆమె ఆ మాట అంటే ఆయన భుజాలు నవ్వుతో కదిలేవి. మా ఇంట్లో ఈషా ఆట ఆగలేదు. చప్పుడు లేకుండా అనడానికి కొత్త తెలుగు మాటలు కావాలని నాన్న వెంట పడేది. అన్నం ముందు కూర్చుంటే చాలు, ముగ్గురం మూగగా నోళ్ళాడిస్తూ నవ్వుకునేవాళ్ళం.

కానీ ఆ మంది నన్ను వదల్లేదు. డ్యూటీ దిగి ఎస్-బాన్ ఎక్కితే, తడిసిన నల్లకోట్లతో, మాటా పలుకూ లేకుండా నిలబడ్డ జనం. ఆ వార్డులో ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా పోయినవాళ్ళు ఎంతమందో. ఒక్కోసారి గంగాధరరావు గదిలోకి వెళ్ళేటప్పుడు, తలుపు దగ్గర కొంచెం ఒదిగి వెళ్ళేదాన్ని.

జనవరిలో ఒక మధ్యాహ్నం. వాన లేదు, కిటికీలో పల్చటి ఎండ. దూరంగా ఎల్బె నది మీద ఓడ కూత వేసింది. మూత పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. ఏదేదో మాట్లాడాక, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"కాకా, అప్పుడు నీకు కనవడ్డ మంది... వాళ్ళల్ల ఒక పొడుగాటి మనిషి ఉన్నడా? సన్నగ ఉంటడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటది."

అడిగాక సిగ్గేసింది. చదువుకున్నదాన్ని, ఆ కనపడేవన్నీ ఏ మందుల వల్లో పేర్లతో సహా చెప్పగలిగినదాన్ని.

ఆయన నవ్వలేదు. ఎవరని అడగలేదు. నా ముఖం చాలాసేపు చూశాడు. మూత వేసిన గొట్టంలో గాలి సన్నగా ఈల వేస్తోంది.

"ముఖాలు సూడలే బిడ్డా," అన్నాడు. "అందరు నా దిక్కు ఈపు వెట్టి నిలవడ్డరు."

తలాడించాను. లేచి, ఆయన దిండు సరిచేసి, మందులు తెచ్చే వేళయిందని బయటికొచ్చాను. మందుల వేళ కాలేదు. స్టోర్ రూమ్‌లో, కఫం లాగే గొట్టాల పెట్టెల మధ్య కాసేపు నిలబడి, తిరిగి వెళ్ళాను.

---

ఫిబ్రవరిలో మళ్ళీ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఈసారి ఆయనకు అంతా ఎరుకే. మిషన్ సాయం రోజురోజుకూ పెంచుతూ పోయాం. వాల్వ్ పెట్టడానికి వీల్లేని రోజులు ఎక్కువయ్యాయి. ఇక ఇంటికి వెళ్ళే అవకాశం లేదనీ, మిషన్‌తోనే ఎక్కడో ఉండాల్సి వస్తుందనీ, దానికి కూడా ఊపిరితిత్తులు ఎన్నాళ్ళు నిలబడతాయో చెప్పలేమనీ డాక్టర్ చెప్పాడు. నేను ఒక్క మాట తగ్గించకుండా తెలుగులో చెప్పాను. ఆయన విన్నాడు. వాల్వ్ పెట్టమని కళ్ళతో సైగ చేశాడు.

"ఇగ నన్ను దిగనియ్యుండ్రి," అన్నాడు.

"కాకా, అట్ల అంటే వీళ్ళకు సరిపోదు. సాఫ్ చెప్పాలె."

"మిషన్ తీసెయ్యుండ్రి. తెలివి ఉండే చెప్తున్న." ఒక్కో మాటకూ ఊపిరి కూడగట్టుకున్నాడు. "నా బిడ్డ చెప్పలే, నువ్వు చెప్పలే. నేనే చెప్తున్న."

డాక్టర్ మర్నాడు మళ్ళీ అడిగాడు. ఇంకో డాక్టర్ వచ్చి వేరుగా అడిగాడు. జవాబు మారలేదు. శ్రావ్య ఒక్కసారి మాత్రం, "నా కోసం బాపూ," అంది. ఆయన ఆమె జుట్టులో చెయ్యి పెట్టడానికి నేను సాయం పట్టాను.

ఒక మినహాయింపు అడిగి అక్షయను పైకి తెప్పించాం. భార్గవ్ పిల్లను ఆయన ఛాతీ పక్కన పడుకోబెట్టాడు. పైపులు లాగకుండా నేను దాని చేతులు పట్టుకున్నాను. పిల్ల నిద్రపోయింది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు.

తర్వాతి రోజు పొద్దున ఆయాసం తెలియకుండా మందు ఇచ్చి, మిషన్ తీసేశాం. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. గంటలోపే అయిపోతుందనుకున్నాం గానీ, ఆయన సొంతంగా పీలుస్తూనే ఉన్నాడు. చిన్న చిన్న శ్వాసలు, మధ్యలో పెద్ద విరామాలు. నా డ్యూటీ అయిపోయింది. బట్టలు మార్చుకుని వచ్చి, గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. శ్రావ్య ఆయన చెయ్యి చెంప కింద పెట్టుకుని, పరుపు మీద తల వాల్చి, అట్లాగే నిద్రలోకి జారింది. పసిపిల్ల తల్లి, ఎన్నాళ్ళ నిద్రో.

మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో ఒక శ్వాస తర్వాత ఇంకో శ్వాస రాలేదు. ఎదురుచూశాను. లేచి వెళ్ళి మెడ మీద వేళ్ళు పెట్టి చూశాను.

శ్రావ్యను లేపాలి. లేపబుద్ధి కాలేదు. లేచిందంటే తండ్రి లేని మనిషవుతుంది. ఇంకాసేపు ఉండనిద్దామనుకున్నాను.

ఇక్కడి నర్సులకు ఒక అలవాటుంది. ఎవరైనా పోతే కిటికీ తెరుస్తారు, ప్రాణం బయటికి పోవడానికట. బిర్గిట్ తెరుస్తుంటే ఎన్నోసార్లు చూశాను, నేను మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ రోజు చప్పుడు కాకుండా వెళ్ళి, గడియ తిప్పి, రెక్క పూర్తిగా తెరిచాను. చల్లగాలి ఒక్క విసురుగా లోపలికి వచ్చింది. పరదా లేచింది.

శ్రావ్య కదిలింది. కళ్ళు తెరవకుండానే తండ్రి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దింది.

"కిటికి దగ్గరికెయ్యక్కా," అంది నిద్రమత్తులో. "బాపుకు సలి."

దగ్గరికి వేశాను. మంచం దగ్గరికి వచ్చి, దుప్పటి ఆయన భుజాల దాకా లాగి, అంచులు లోపలికి మడిచాను. అప్పుడు ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పేరు పెట్టి పిలిచాను.